తూర్పుసంత మాదర్ సంఘం చరిత్ర, ఉన్నది ఉన్నట్టు

రాజపాళయం
జూన్ 9, 2024

సుదర్శన వదినకు గాయత్రి నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ తమ్ముడికి మోకాలి నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు. కోయంబత్తూరులో మీరూ చిన్న వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకండి. ఫోనులో మీరు ‘సరి, సరి’ అని రెండు మాటల్లో పెట్టేస్తారు. నాకు కావలసింది రెండు మాటలు కాదు, చరిత్ర.

మన మాదర్ సంఘానికి ఈ ఏటితో యాభై ఏళ్లు నిండుతాయి. వేడుక ఎలా చేయాలా అని అనుకుంటూ ఉండగా తూర్పుసంత ట్రస్టు నుంచి తాఖీదు వచ్చింది. సంఘం హాలు ఉన్నది వాళ్ల స్థలంలోనే కదా. ఊరికే ఇచ్చిన స్థలాలన్నిటినీ ఇప్పుడు తిరగేసి చూస్తున్నారట. ఆడవాళ్ల సంఘం ఈ యాభై ఏళ్లలో ఊరికి చేసిన సేవ ఏమిటో ఒక చరిత్రగా రాసి దసరాలోపల ఇవ్వాలి, లేకపోతే హాలు ఖాళీ చేయాలి అని రాశారు.

కమిటీలో అది చదవగానే అందరూ పైకప్పు వైపు చూశారు. ఇటీవల మేము చేసిందేమిటంటే నవరాత్రికి కొలువు పోటీ, వేసవిలో ఊరగాయల పోటీ, ఏడాది పొడవునా ఆ రెండు పోటీల తీర్పు మీద తగాదా. మా కొత్త అధ్యక్షురాలు అర్చన, పళ్ల డాక్టరు, ఇంకా నలభై రాలేదు, చరిత్ర రాసే పని నాకు అప్పగించింది. నా చేతిరాత బాగుంటుందట. చేతిరాత బాగుంటే చరిత్ర తెలుస్తుందా వదినా? నేను సంఘంలో చేరింది పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక. అంతకు ముందు సంగతులు తెలిసింది మీకు, మీ పాప అత్తకు. అత్తకు తొంభై దాటాయి. అడిగితే నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకుంటోంది.

కాబట్టి మీరే దిక్కు. సంఘం ఏ ఆశయంతో పుట్టింది, మొదటి దీపం ఎవరు వెలిగించారు, అవన్నీ కొంచెం గంభీరంగా రాసి పంపండి.

మీ మరదలు
గాయత్రి

*

కోయంబత్తూరు
జూన్ 21

గాయత్రికి దీవెనలు.

దీపం ఎవరూ వెలిగించలేదు. ఫ్యాను వేశాం.

అది 1974 వేసవి. మగవాళ్ల క్లబ్బులో అప్పుడే కొత్త ఫ్యాన్లు బిగించారు. సాయంత్రం సినిమాకని బయలుదేరిన మొగుడు ‘ఇప్పుడే వస్తాను’ అని క్లబ్బు ముందు కారు ఆపి లోపలికి పోతే, పేకముక్కలు కింద పెట్టేటప్పటికి సినిమా సగం అయ్యేది. ఆడవాళ్లు కార్లో ఉడుకుతూ కూర్చునేవాళ్లు. ఒకరోజు పాప అత్త పట్టుచీరతో దిగి మెట్లెక్కింది. వాచ్‌మన్ చేతులు కట్టుకుని, లోపలికి ఆడోళ్లు రాకూడదమ్మా అన్నాడు. అత్త ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చి కార్లో కూర్చుంది. అత్త అరిస్తే భయం లేదు, నోరు మూసుకుంటేనే భయం. నీకూ తెలుసు.

మర్నాడు తూర్పుసంతలో ట్రస్టు స్థలంలో తమ పత్తి మూటలు పెట్టుకునే కొట్టు ఖాళీ చేయించింది. మామ మిల్లు ఆఫీసులో ఫ్యాను విప్పించి అక్కడ బిగించింది. మామ ఆఫీసుకు వచ్చి కూర్చుని, గాలి రావడం లేదే అని పైకి చూస్తే కొక్కెం ఒక్కటే ఉందట.

మొదట ఐదుగురం చేరాం. నేనింకా చదువు ముగించి ఇంట్లో ఉన్న పిల్లను. చోళపురం నుంచి ముత్తులక్ష్మి వచ్చేది. వాళ్లది వ్యవసాయం, మా మిల్లుకు పత్తి వేసేవాళ్లు. లెక్క చూసుకోవడానికి వాళ్ల ఆయన ఆఫీసుకు పోతే ఆమె మా దగ్గర కూర్చునేది. మొదటి తీర్మానం, మనిషి ఉన్నంతసేపు ఫ్యాను ఆపరాదు. రెండో తీర్మానం, ఎవరూ అత్తగారిని తీసుకురారాదు. మూడో వారం పాప అత్తకే అత్తగారైన పెద్దామె వచ్చి సరిగ్గా ఫ్యాను కింద కూర్చుంది. రెండో తీర్మానం రద్దు చేశాం.

ఇదే ఆశయం. ఇంతకన్నా గంభీరంగా నాకు తెలియదు.

సుదర్శన

*

రాజపాళయం
జూలై 4

వదినకు నమస్కారం.

మీ ఉత్తరం కమిటీలో చదివాను. చదివి ఉండకూడదు. కొందరు నవ్వారు, కొందరు అలిగారు. చివరికి ఫ్యాను మాట తీసేసి ‘స్వచ్ఛమైన గాలి ప్రసరించే సామాజిక వేదిక’ అని రాసుకున్నాం. అత్తగార్ల తీర్మానాన్ని ‘తరాల మధ్య సామరస్యం’ చేశాం.

అయినా ట్రస్టువాళ్లు అడిగింది సేవ. నాకు తెలిసినంతలో మన సంఘం పేరు రాయి మీద ఉన్న చోటు ఒక్కటే, సంత పక్కన బస్సులు ఆగే షెడ్డులో ఆడవాళ్ల కక్కూసు. 1983 అని చెక్కి ఉందట. మీరు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడే కదా. దాన్ని ఎలా సాధించారో రాయండి. వినతిపత్రాలు, శాంతియుత పోరాటం, అలాంటివి ఉండి తీరాలి. కక్కూసు అన్న మాటకు బదులు ‘ఆరోగ్య వసతి’ అని రాయండి, ఆ పేజీ అర్చన వేదిక మీద చదవాలి.

ఇంకొక సంగతి. మీ తమ్ముడి వరస నాకు అర్థం కావడం లేదు. పోయిన వారం మల్లెపూలు తెచ్చారు. పెళ్లయిన కొత్తలో తెచ్చినట్టు గుర్తు, తరవాత లేదు. కుత్రాలం జలపాతానికి పోదామా అంటున్నారు. రోజూ రాత్రి అన్నం తింటూ, సంఘం చరిత్ర ఎంతదాకా వచ్చిందని అడుగుతున్నారు. పెద్దవాళ్లమయ్యాక ఆయనకు మన పనుల మీద శ్రద్ధ పుట్టిందేమో అని సంతోషంగానే ఉంది.

గాయత్రి

*

కోయంబత్తూరు
జూలై 16

గాయత్రికి,

హరిహరన్ నా తమ్ముడు. వాడిని ఎత్తుకుని పెంచినదాన్ని. వాడు పూలు తెచ్చాడంటే ఎక్కడో స్థలం చూశాడని అర్థం. ట్రస్టులో వాడూ ఒక సభ్యుడు కదా. కనుక్కో. మన ఉత్తరాలు బల్ల మీదే పెట్టుకో, ఫరవాలేదు. వాడికి అరవం తప్ప తెలుగు అక్షరాలు రావు. సంఘంలో తెలుగు తరగతి పెట్టి నీకు నేర్పించినప్పుడు వాడు ఎగతాళి చేశాడు, ఇప్పుడు అనుభవించనీ.

ఇక కక్కూసు. నేను కక్కూసు అనే రాస్తాను.

చోళపురం ముత్తులక్ష్మి ఎప్పుడు వచ్చినా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మజ్జిగ వద్దు, కాపీ వద్దు. మేము ఆమెను గొప్ప భక్తురాలనుకున్నాం. శనివారం అయితే పెరుమాళ్లకు, మంగళవారం అయితే మారియమ్మకు, ఇట్లా ఆమెకు మేమే ఒక్కొక్క ఉపవాసం అంటగట్టాం. ఒక చిత్తిరై నెల మండుటెండలో సంఘం గడపలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ముఖాన నీళ్లు చల్లి తాగమంటే అప్పుడు కూడా పెదవి తడుపుకుని వదిలేసింది. ఎందుకమ్మా అంటే నెమ్మదిగా చెప్పింది: ‘తాగితే యాడ పోయేది అక్కా? బస్సు ఎప్పుడొస్తాదో తెలీదు.’

మాకందరికీ ఇళ్లు దగ్గర, కార్లున్నాయి. ఆ ప్రశ్న మాకెప్పుడూ రాలేదు.

షెడ్డు కూడా ట్రస్టుదే కాబట్టి వాళ్లకు వినతిపత్రాలు ఇచ్చాం. అప్పటి ట్రస్టు పెద్ద వాటిని మర్యాదగా పుచ్చుకుని, ఆడవాళ్లు ఇలాంటి మాటలు కాగితం మీద పెడతారా అని సిగ్గుపడేవాడు. ఏళ్లు గడిచాయి. అప్పుడు పాప అత్త ఒక ఉపాయం చెప్పింది. ఆ ట్రస్టు పెద్దాయన తల్లిని సన్మానానికి పిలిచాం. శాలువా కప్పాం. ఎండగా ఉందని నన్నారి సర్బత్తు పోశాం. ఆమెకు తీపి ఇష్టం, ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు అని తాగింది. తరవాత, అమ్మా, మంసాపురంలో ఒక పేద పిల్లకు మీ చేత్తో చీర ఇవ్వాలి, కారు చెడిపోయింది, బస్సులో పోదాం అని షెడ్డుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టాం. బస్సు రాలేదు. ఎలా వస్తుంది? మంసాపురం బస్సు అప్పుడే పోయిందని మాకు తెలుసు.

ఆమె మొదట మాట్లాడింది. తరవాత మాట్లాడటం మానేసింది. తరవాత లేచి నిలబడింది. చివరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ‘ఒసే, నన్ను ఇంటికి చేర్చండే’ అంది. చెడిపోయిన కారు వెంటనే బాగుపడింది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగిందో మాకు తెలియదు. మర్నాటి ఉదయం షెడ్డు దగ్గర ఇటుకలు దించారు.

ఇది శాంతియుత పోరాటమా కాదా నువ్వే తేల్చుకో.

సుదర్శన

*

రాజపాళయం
ఆగస్టు 11

వదినకు,

మీరు చెప్పినట్టే అయింది. ఆదివారం ఒక ఇంజినీరు కాగితాల చుట్ట చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. నేను కాపీ తీసుకుపోయేటప్పటికి బల్ల మీద మన సంఘం హాలు లేదు, దాని చోట మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఉంది. మీ తమ్ముడు దాని మీద పేపరు కప్పబోయారు గాని కాపీ గ్లాసు పెట్టి ఆపాను. మూడో అంతస్తులో మూలగా ఒక చిన్న గది చూపించి, ఇది మీ సంఘానికే, లిఫ్టు కూడా ఉందన్నారు.

నేను కోప్పడలేదు. ఆ ప్లాను అంతా తిప్పి చూశాను. అంగళ్లు ఉన్నాయి, బండ్లు నిలిపే చోటు ఉంది, వినాయకుడికి గూడు ఉంది. ఆడవాళ్ల కక్కూసు ఎక్కడ అని అడిగాను. ఇంజినీరు మీ తమ్ముడి వైపు చూశాడు. మీ తమ్ముడు, ‘ఆడోళ్లు దానికి ఇంటికి పోయి వస్తారు గదా’ అన్నారు.

మీ ఉత్తరం చదివి ఉండకపోతే ఆ మాట నాకు మామూలుగానే వినిపించేది. ఆ రోజు అలా వినిపించలేదు. చెప్పులు వేసుకుని నడిచి షెడ్డుకు పోయాను. ఎన్నిసార్లు కార్లో దాని ముందుగా పోయానో, దిగింది అదే మొదటిసారి.

మన పేరు చెక్కిన రాయి ఉంది. తలుపుకు తాళం ఉంది. సందులోంచి చూస్తే లోపలంతా అరటి గెలలు. పక్కన పండ్లు అమ్మే మణికండన్‌ను అడిగితే, షెడ్డు గుత్తకు తీసుకున్నాయన ఎప్పుడో తాళం చెవి ఇచ్చాడు, లోపల చల్లగా ఉంటుంది, పండు బాగా మాగుతుంది అని చెప్పాడు. అతని గొంతులో తప్పు చేసిన భావం ఏమీ లేదు. ఎవరూ అడగలేదట.

బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు వెన్నిలా, సత్రపట్టిలో గాయాలకు చుట్టే కట్టుగుడ్డ నేసే చోట పని. మందుల షాపులకు సరుకు అప్పగించడానికి వారంలో సగం రోజులు ఇక్కడికి వస్తుందట. ఈ తాళం తీస్తే నీకేమైనా మేలా అని తెలివితక్కువగా అడిగాను. ఆమె కొంచెం ఆలోచించి, ‘తీస్తే నేను పొద్దున కాపీ తాగి వస్తాను అక్కా’ అంది.

వదినా, నేను రాసిన చరిత్రలో ‘ఈ ఆరోగ్య వసతి నేటికీ వేలాది మహిళలకు ఉపయోగపడుతోంది’ అని ఉంది. అచ్చుకు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఏం చేయను? నిజం రాస్తే హాలు పోతుంది.

గాయత్రి

*

కోయంబత్తూరు
ఆగస్టు 17

గాయత్రికి,

అచ్చుకు ఇవ్వకు.

హాలు పోతే పోనీ. ముందు తాళం తీయించు. చరిత్ర తరవాత రాసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు. వెన్నిలా బస్సు పోతుంది.

హరితో తగవు పడకు. అన్నం పెట్టు, మాట తగ్గించు. వాడికి అది చాలు.

సుదర్శన

*

రాజపాళయం
అక్టోబరు 20

వదినకు నమస్కారం.

ఇన్నాళ్లూ రాయలేకపోయాను. చేతులు ఖాళీ లేవు, ఖాళీ అయినప్పుడు వాసన పోలేదు.

కమిటీని పిలిచి ఉన్నది చెప్పాను. అర్చన తన క్లినిక్కు నుంచి చేతి తొడుగులు, ముఖానికి మాస్కులు ఒక పెట్టెడు తెచ్చింది. ఒక బుధవారం పొద్దున అందరం బయలుదేరాం. మనవాళ్ల సంగతి తెలుసు కదా, చీపురు పట్టడానికి కూడా గంజి పెట్టిన చీరలు. మూడు కార్లలో పోయి షెడ్డు ముందే నిలిపాం. మూడు బస్సులు లోపలికి రాలేక హారన్ కొడుతూ నిలిచాయి. డ్రైవర్లు మమ్మల్ని ఏ పార్టీవాళ్లమని అడిగారు.

మణికండన్ తాళం తీయడానికి ఒప్పుకున్నాడు గాని, ‘గెలలు యాడ పెట్టేది, మీరే చెప్పండి’ అని నిలబడ్డాడు. ధర్మమైన ప్రశ్నే. వాటిని కార్లకెత్తించి మన హాలుకు పంపించాను. అంతకన్నా చల్లని చోటు నాకు తోచలేదు.

మొదటి బకెట్టు నీళ్లు నేనే పోశాను. రెండో బకెట్టుకు ముందు బయటికి వచ్చి కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాను. ఈ భాగంలో గంభీరంగా రాయడానికి ఏమీ లేదు వదినా. కుళాయి ఎండిపోయి ఉంది. ప్లంబరు గురుసామి వచ్చి పైపు తవ్వి చూసి, ఇది మా నాయన వేసిన పైపు అని మురిసిపోయాడు. బస్సు కోసం నిలుచున్న ఆడవాళ్లు మొదట వేడుక చూశారు, తరవాత ఇద్దరు ముగ్గురు కొంగు దోపుకుని వచ్చారు. మాకు చీపురు పట్టడం రాదని వాళ్లకు దూరం నుంచే తెలిసిపోయింది. వాళ్లు రాకపోతే ఆ గోడలు ఇప్పటికీ అలాగే ఉండేవి.

సరిగ్గా ఆ పూట మీ తమ్ముడు కాంప్లెక్సు కట్టబోయే వాళ్లను హాలు చూపించడానికి తీసుకుపోయారు. తలుపు తీస్తే నేల కనిపించకుండా అరటి గెలలు. వచ్చినవాళ్లు ఇది పండ్ల గోడౌనా అని అడిగారట. ఆ రాత్రి ఆయన నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. రసం పోశాను.

ట్రస్టు సమావేశానికి పాత చరిత్ర చింపేసి మీ ఉత్తరాలు తీసుకుపోయాను. ఫ్యాను, అత్తగార్ల తీర్మానం, సర్బత్తు, ఒక్క ముక్క వదలకుండా చదివాను. కట్టించిన తరవాత మళ్లీ ఎవరమూ అటు చూడలేదు, తాళం పడిన సంగతి కూడా మాకు తెలియదు అని చివర చేర్చాను. చదువుతూ ఉండగా నాకు ఒక విషయం తట్టింది. ఇప్పటి ట్రస్టు పెద్ద ఆ ముసలామె మనవడే. ఆయన తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడని అప్పుడు తెలిసింది. ‘మా అవ్వ సచ్చిపోయేదాకా ఆ బస్సును తిట్టినాది’ అన్నాడు. ‘బస్సుది తప్పు కాదని ఇప్పుడు గదా తెలిసినాది.’

అయినా కాంప్లెక్సు ఆగదు వదినా, తీర్మానం అయిపోయింది. మాకు రెండు దారులు చూపించారు. మూడో అంతస్తులో గది, లేకపోతే షెడ్డు పక్కన సరుకుల గదులు రెండు. అవి తీసుకుంటే కక్కూసు బాధ్యతా మాదే. కమిటీలో పెద్ద రభస. సగం మందికి లిఫ్టు కావాలి. బస్సుల పొగలో కొలువు పెడతామా అని ఒకరు ఏడ్చారు. చివరికి వీల్‌చైరులో పాప అత్తను తీసుకువచ్చి అడిగాం. ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని మేము మళ్లీ వాదన మొదలుపెట్టాం. అప్పుడు కళ్లు తెరవకుండానే అంది: ‘మూడో మిద్దెకు ఎవరొస్తారే? కిందనే ఉండండి. కింద మనుషులు ఉండారు.’

వచ్చే నెలలో మారుతున్నాం. మీ తమ్ముడు నిన్న ప్లాను కాగితం నా ముందు పెట్టారు. ప్రతి అంతస్తులోనూ ఒక మూల ఎర్ర పెన్సిలుతో గళ్లు గీసి ఉన్నాయి. ఏమిటివి అన్నాను, తెలిసే అడిగాను. ‘నువ్వు అడిగినావు గదా’ అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

గాయత్రి

*

కోయంబత్తూరు
ఫిబ్రవరి 18, 2025

గాయత్రికి దీవెనలు.

పోయిన శుక్రవారం నేను రాజపాళయం వచ్చాను. అలగకు. కుత్రాలంలో పెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు బస్సు మారడానికి దిగాను. చెప్పితే మీరు ఆరతి పళ్లెంతో వస్తారు. నాకు ఊరికే చూడాలనిపించింది.

గదిలో చాపల మీద చాలామంది కూర్చుని ఉన్నారు. సగం మంది కళ్లు బస్సుల మీదే. ఒకామె పత్రిక చదివి వినిపిస్తోంది, మధ్యలో ఎవరి బస్సు వస్తే వాళ్లు లేచి పోతున్నారు, కథ ఆగడం లేదు. నువ్వు బయట ఒక కండక్టరుతో పోట్లాడుతున్నావు. చెవి కమ్మలు ఊగుతున్నాయి. నిన్ను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు, కాబట్టి పిలవలేదు.

నా పక్కన పేచ్చియమ్మాళ్ అని మంసాపురం ఆమె కూర్చుంది. నేను కొత్తదాన్నని కనిపెట్టి, అడగకుండానే సంఘం చరిత్ర మొత్తం చెప్పింది. దీన్ని పళ్ల డాక్టరమ్మ పెట్టిందట, పోయిన ఏడు. డాక్టరమ్మకు ఒక దినం ఈ షెడ్డులో కడుపునొప్పి వచ్చిందట, అందుకని కట్టించిందట. నీ గురించి అడిగాను. ‘ఆ కళ్లద్దాల పెద్దమ్మా? ఇక్కడ జీతానికి ఉండాది. పాపం, ఇంట్లో జరుగుబాటు లేదేమో. కోపిష్టి, అయితే మంచిది’ అంది. హరితో ఈ మాట తప్పకుండా చెప్పు.

సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఆమె అంత నమ్మకంగా చెబుతోంది. నాకంటే బాగా కూడా చెబుతోంది. ఊరుకున్నాను.

పోయేముందు ఆమె, మీరూ చేరండి, పేరిస్తే చాలు అంది. ఆ ఊరి మనిషిగా డెబ్భై ఏళ్లు బతికాను. ఎవరైనా ముందు అడిగేది ఎవరింటి ఆడపడుచు, ఏ మిల్లువాళ్లు అని. ఆమె అవేవీ అడగలేదు. ఏ బస్సుకు అని మాత్రం అడిగింది.

మదురై బస్సు వచ్చింది. లేచేముందు గోడకు వేలాడే చేరికల పుస్తకంలో పేరు రాశాను. అడుగున సుదర్శన అని కనిపిస్తే కొట్టేయకు. అది మీ వదిన కాదు, కొత్తగా చేరిన మనిషి.

సుదర్శన